కాంభోజిలో మౌనం

ఆదివారం నాడు లక్ష్మీనారాయణ ఇంట్లో అన్నం పలుకుగా దిగుతుందన్న సంగతి సత్యనారాయణపురంలో ఆ వీధివాళ్ళందరికీ తెలుసు. మిగతా రోజుల్లో మల్లెపువ్వులా ఉండే రమాసుందరి చేతి అన్నం ఆ ఒక్కరోజు మాత్రం కోళ్ళకు జల్లే నూకల్లా గొంతుకు అడ్డం పడేది. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. "ఆదివారం మీ చెవుల సంఘం దిగుతుందిగా, ఆ రాగాల ధాటికి బియ్యం బిగుసుకుపోతున్నాయి" అని తేల్చేసింది ఆవిడ.

చెవుల సంఘం అన్న పేరు ఆవిడ పెట్టిందే. అసలు పేరు 'సుస్వర శ్రవణ మండలి'. సభ్యులు ముగ్గురు. ముగ్గురికి మండలి ఎందుకని ఎవరైనా అడిగితే, "మూడు జతల చెవులండీ, తక్కువనుకున్నారా" అనేవాడు లక్ష్మీనారాయణ.

అతను కంకిపాడు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు. పుట్టింది కంకిపాడుకి అవతల, వరిచేల మధ్య. వంశంలో ఏడు తరాలు వెతికినా పాడినవాడు లేడు. తండ్రి గొంతెత్తడమంటే ఎడ్లను అదిలించడానికే. కుర్రతనంలో లక్ష్మీనారాయణ ఒకసారి స్నానాల గదిలో రాగం తీస్తే, పాలు పోయడానికొచ్చినవాడు "దూడేమన్నా తప్పిపోయిందాండీ" అని అడిగాడు. ఆ దెబ్బతో పాడటం మానేసి వినడంలో విద్వాంసుడయ్యాడు. పాడేవాడి తప్పు ఊరంతా వింటుంది. వినేవాడి తప్పు ఎవడు వింటాడు? ఈ ధైర్యంతోనే పుష్కరకాలంగా అతని విద్వత్తు మూడు పువ్వులూ ఆరు కాయలుగా సాగింది.

రెండో సభ్యుడు కరిముల్లా. వన్ టౌన్‌లో లైట్లూ ఫ్యాన్లూ అమ్మే కొట్టు. వాళ్ళ తాతది నాదస్వరం. దివిసీమలో ఆయన సన్నాయి లేకుండా దేవుడి పెళ్ళి జరిగేది కాదట. కరిముల్లా దాకా వచ్చేసరికి ఊదే ఊపిరి పోయి, మాట్లాడే ఊపిరి మిగిలింది. మూడో మనిషి తెరేసమ్మ గారు. గుణదలలో ఉంటారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై నాలుగేళ్ళయినా ఆవిడ కళ్ళజోడు మీంచి చూస్తే, లెక్చరర్ అయిన లక్ష్మీనారాయణకు కూడా హోమ్‌వర్కు చెయ్యలేదేమోనని గుండె జారేది. ఆవిడకు వీణ ప్రాణం. మెచ్చుకోవడమన్నది ఆవిడ అలవాట్లలో లేదు.

మండలికి కొన్ని కట్టుబాట్లున్నాయి. మొదట 'ఈవారం చెవిది' చెప్పాలి, అంటే వారమంతా ఎవరి చెవిలో ఏ పాట కాపురం పెట్టిందో. ఆ తర్వాత ఒకే రాగం, ఇద్దరు విద్వాంసులు, రెండు క్యాసెట్లు, ఒకదాని వెనక ఒకటి. పాట నడుస్తుండగా క్యాసెట్ తెచ్చినవాళ్ళు నోరు తెరవకూడదు. తెరిస్తే ఆ పూట కాఫీ గ్లాసులు కడగాలి.

గ్లాసులు ఎప్పుడూ లక్ష్మీనారాయణే కడిగేవాడు.

"మాస్టారూ, మీరసలు పాట వినడానికి పెడతారా, దాని మీద మాట్లాడ్డానికి పెడతారా?" అనేవాడు కరిముల్లా.

"పప్పులో తాలింపు పెట్టడం తప్పా కరిముల్లా గారూ?"

"తాలింపు పెట్టండి, కాదన్ను. పప్పు కనపడాలి గదా!"

ఎన్ని క్యాసెట్లు మోగినా ఆ ఇంట్లో పట్టపుదేవి ఒకటే: కౌతవరం సీతాపతి గారి కాంభోజి. ఆదివారం అది మోగకుండా మండలి లేచేది కాదు. సీతాపతి గారు పెద్ద విద్వాంసులే గానీ రికార్డులంటే పడని మనిషి. ఆయన పోయాక మిగిలింది అరాకొరా. మైలవరంలో ఒక మామిడితోటల ఆసామి ఇంట పెళ్ళికి ఆయన పాడితే, మైకుసెట్టు మాణిక్యం ఆ కచేరీ పట్టి ఉంచాడు. దాని కాపీ ఒకటి తొంభైమూడులో లక్ష్మీనారాయణ చేతికొచ్చింది. బెజవాడ మొత్తం మీద అది అతని ఒక్కడి దగ్గరే ఉందన్నది అతని నమ్మకం. ఆ నమ్మకంతో మనిషి కాస్త లావయ్యాడు కూడా.

అందులో ఒక చోటుంది. సీతాపతి గారు కాంభోజిని అంచెలంచెలుగా పైకి తీసుకుపోతారు. పంచమం దాటి ధైవతం మీద నిలబడతారు. ఇంక పై షడ్జమం అందుకోవడమే తరువాయి. పెళ్ళివారు, వియ్యాలవారు, వంటవాళ్ళు అందరూ ఊపిరి బిగబట్టి ఉంటారు. సరిగ్గా అక్కడ ఆయన ఆగిపోతారు. గొంతు లేదు, ఫిడేలు లేదు. నిశ్శబ్దం. ఆ తర్వాత, పైకెక్కిన జాడ లేకుండా, నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెడతారు.

ఆ మౌనం మీద లక్ష్మీనారాయణ కట్టిన మేడలు ఇన్నీ అన్నీ కావు. "చేతికందిన పండును కోయకుండా కొమ్మకే వదిలెయ్యడమండీ! ఎవడికుంటుంది ఆ వైరాగ్యం?" అనేవాడు. గాంధీనగరం సభ వాళ్ళ సంచికలో దీని మీద వ్యాసం కూడా రాశాడు. 'ఆ మౌనంలో చెవి పెట్టి వింటే ప్రేక్షకుల ఊపిరి వినబడుతుంది. పెళ్ళింటి ముత్తయిదువ గాజుల సవ్వడి వినబడుతుంది. ఎక్కడో దూరాన రైలు కూత, లోకం పిలుస్తున్నట్టు, వినబడుతుంది. ఆ పిలుపుకు కూడా ఆయన పలకలేదు' అన్న వాక్యం రాసుకుని, రెండు రోజులు అద్దంలో తనను తానే గౌరవంగా చూసుకున్నాడు.

తెరేసమ్మ గారు మాత్రం ఒకసారి అడిగారు: "మైలవరంలో రైలెక్కడిదండీ?"

"కొండపల్లి స్టేషనుదండీ. గాలివాటున వస్తుంది."

"అంత దూరమా?"

"వైరాగ్యంగా వింటే వినపడుతుందండీ" అన్నాడు లక్ష్మీనారాయణ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడు అతని ముందు చంటిపిల్లాడు. ఆ రోజూ గ్లాసులు అతనే కడిగాడు.

అయినా ఆ మౌనం తెరేసమ్మ గారిని కూడా పట్టేసింది. ఆ చోటు వచ్చేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. "ఆ ఊపిరుందే, అంతమంది ఒకే మనిషిలాగా తీస్తున్న ఊపిరి... మా చర్చిలో కూడా ఎప్పుడో గాని వినపడదు" అని ఒకసారి అన్నారు. ఆవిడ నోట వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. లక్ష్మీనారాయణ దాన్ని పట్టుబట్టలా మడతపెట్టి దాచుకున్నాడు.

ఇంతవరకైతే ఎవరికీ నష్టం లేదు. ముగ్గురు పెద్దవాళ్ళు ఆదివారం పూట ఏం నమ్ముకుంటే లోకానికేం? చిక్కు సంయుక్తతో వచ్చింది.

సంయుక్త వెనకింటి జయదేవ్ కూతురు. జయదేవ్‌ది బ్యాంకు ఉద్యోగం. పిల్ల సంగీత కళాశాలలో డిప్లొమా చేసి, ఒక గురువు గారి దగ్గర గట్టిగా కూర్చుని నేర్చుకుంది. మంచి గొంతు, అంతకన్నా మంచి బుర్ర. రెండువేల రెండు వేసవిలో సభవాళ్ళు తమ ఉత్సవాల్లో మొదటిసారి ఒక చిన్నపిల్లకు పెద్ద కచేరీ ఇచ్చారు, అది ఈ పిల్లకు. సాయంత్రం పూట, పక్కవాద్యాలతో, పూర్తి కచేరీ. పాడి మెప్పిస్తే గుంటూరు, తెనాలి, మద్రాసు దాకా దారి పడుతుంది. మెప్పించలేకపోతే మళ్ళీ మధ్యాహ్నం రెండింటికి పాట, ఖాళీ కుర్చీల ముందు.

"బాబాయ్ గారూ, కాంభోజి పెద్దగా పాడదామనుకుంటున్నా. సీతాపతి గారిది ఒకసారి వినిపించరా?" అని వచ్చింది. ఒకసారి కాదు, నెల రోజులు సాయంత్రం పూట వినిపించాడు. ఆ మౌనం దగ్గరకొచ్చేసరికి పిల్ల చెయ్యి పట్టుకుని ఆపి మరీ చెప్పాడు: "ఇక్కడమ్మా! నీ వయసు వాళ్ళంతా పైకెగిరి షడ్జమం పట్టుకుని చప్పట్ల కోసం చూస్తారు. నువ్వు వదిలెయ్. వదిలేసి చూడు."

పిల్ల వదలడం నేర్చుకుంది. ధైవతం మీద నిలబడి, నోరు మూసి, మళ్ళీ కిందికి దిగేది. గురువు గారు "ఇదేంటే, పళ్ళ మధ్య సందులాగా?" అని కసిరితే, "లక్ష్మీనారాయణ గారి క్యాసెట్లో ఉందండీ, సీతాపతి గారిది" అంది. సీతాపతి గారి పేరు వినేసరికి ఆయనా నోరు మూసుకున్నారు.

కచేరీ శనివారం. శుక్రవారం సాయంత్రం కరిముల్లా స్కూటర్ మీద వచ్చి గుమ్మంలోనే ఒక సీడీ చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, మీ గుత్తాధిపత్యం ముగిసింది! మైకుసెట్టు మాణిక్యం లేడూ, బల్బులకని మా కొట్టుకొచ్చాడు. మైలవరం పెళ్ళి అసలు టేపు ఇన్నాళ్ళూ వాళ్ళ అటక మీద ఉందంట. వాళ్ళ అల్లుడు బీసెంట్ రోడ్డులో సీడీ చేయించాడు. నేనింకా విన్లేదు. మీ కాపీ పక్కన పెట్టి ఆదివారం విందాం. ముందుగా మీరే వినండి, పెద్దకాపు మీరు గదా!"

శనివారం పొద్దున కాఫీ తాగి లక్ష్మీనారాయణ సీడీ పెట్టాడు. ఎంత శుభ్రంగా ఉంది! తంబూర తీగెలు విడివిడిగా వినపడుతున్నాయి. కాంభోజి మొదలైంది. ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పంచమం. ధైవతం. లక్ష్మీనారాయణ కళ్ళు మూసుకుని చెయ్యి గాల్లోకి లేపాడు, మౌనానికి స్వాగతం చెబుతూ.

సీతాపతి గారు పై షడ్జమం అందుకున్నారు.

మామూలుగా కాదు. గోదాలో దిగిన వస్తాదు గద అందుకున్నట్టు అందుకుని, వదలకుండా, ఒకే ఊపిరిలో నిలబెట్టారు. పెళ్ళిపందిరి చప్పట్లతో అదిరిపోయింది. మధ్యలో ఎవడో ఈల కూడా వేశాడు.

లక్ష్మీనారాయణ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

అతనికి వచ్చిన మొదటి ఆలోచన, మైలవరం వాళ్ళు మోసం చేశారని. కంప్యూటర్లో ఏమైనా చెయ్యొచ్చుగా! ఎక్కడో ఒక షడ్జమం తెచ్చి ఇక్కడ అతికించి ఉంటారు. చప్పట్లు కూడా అతికించారు, దుర్మార్గులు. తన క్యాసెట్ పెట్టాడు. ధైవతం, మౌనం, దిగడం. మళ్ళీ సీడీ పెట్టాడు. షడ్జమం, చప్పట్లు, ఈల. మళ్ళీ క్యాసెట్. ఈసారి గొంతు పూర్తిగా పెంచాడు. ఊపిరి, గాజులు, దూరాన రైలు కూత...

వంటింట్లో ఏదో టక్కుమంది. రమాసుందరి చేతిలో పచ్చిమిరపకాయతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏవండీ, నేనింకా కుక్కరే పెట్టలేదు. విజిలెలా వచ్చింది?"

"విజిలేంటి?"

"మన కుక్కర్ విజిలు. వినపడగానే అలవాటు కొద్దీ పోయి స్టవ్ ఆపేశాను. ఆపాక చూస్తే పొయ్యి మీదున్నది ఉప్మా."

"అది రైలే."

"రైలూ కాదు, జట్కాబండీ కాదు. మన కుక్కర్‌ది జలుబు గొంతు. ముందు బొంగురుగా మొదలై, పైకి పోయి, తుమ్మినట్టు ఆగుతుంది. వీధిలో ఇంకెవరి విజిలూ అట్లా ఉండదు. మళ్ళీ పెట్టండి."

పెట్టాడు. బొంగురుగా మొదలై, పైకి పోయి, తుమ్మినట్టు ఆగింది.

ముందు తేరుకున్నది రమాసుందరే. "ఓరి దేవుడా! ఆదివారం ఆదివారం అన్నం ఎందుకు పలుకుగా దిగుతోందో ఇప్పుడు తెలిసింది. మీరా క్యాసెట్ పెట్టినప్పుడల్లా విజిలొచ్చిందనుకుని నేను స్టవ్ కట్టేస్తున్నా!"

లక్ష్మీనారాయణ కుర్చీలో కూలబడ్డాడు. క్యాసెట్ తెచ్చిన రోజు కళ్ళముందు కట్టింది. అప్పట్లో టూ-ఇన్-వన్ కొత్తది. నల్ల మీట ఒక్కటే నొక్కితే పాట వస్తుంది. పక్కనున్న ఎర్రదాన్ని కూడా కలిపి నొక్కితే పెట్టె వినిపించడం మానేసి వినడం మొదలుపెడుతుంది. ఉన్న పాటను చెరిపేసి, గదిలో చప్పుళ్ళన్నీ టేపుకు ఎక్కించుకుంటుంది. అలా చెరగకుండా ఉండాలంటే క్యాసెట్ వీపున ఉండే రెండు ప్లాస్టిక్ పళ్ళు విరగ్గొట్టాలి. "సీతాపతి గారి క్యాసెట్ పళ్ళు రాలగొట్టడమా!" అని లక్ష్మీనారాయణ భక్తితో వాటి జోలికి పోలేదు.

"నాకు బాగా గుర్తు" అంది రమాసుందరి. "ధైవతమో దయ్యమో అన్నారు. 'రమా, ఇట్రా, ఇది విను' అని పాట ఆపి కేకేశారు. కుక్కర్ పొయ్యి మీదుంచి వచ్చాను. మీరు మళ్ళీ మీట నొక్కితే పాట రాలేదు. కుడితితొట్లో మూతి పెట్టిన ఎద్దులాగా పెట్టె మీదకు వంగి, ఇంతింత ఊపిరి తీస్తూ చూస్తున్నారు. నేను గాజులు పైకి తోసుకుని 'ఏమైందండీ' అని అడగబోయేలోపు విజిలొచ్చింది, లోపలికి పోయాను. తర్వాత మీట మార్చి నొక్కినట్టున్నారు, మళ్ళీ పాట వినపడింది."

అంటే ప్రేక్షకుల ఊపిరి అతనిది. ముత్తయిదువ గాజులు పెళ్ళాంవి. లోకపు పిలుపు కందిపప్పుది. తొమ్మిదేళ్ళుగా అతను చెప్పిన వైరాగ్యమంతా రెండు మీటలు కలిపి నొక్కిన ఒక బొటనవేలి మహిమ.

ఇదంతా తలుచుకుని సిగ్గుపడుతూ కూర్చునేవాడే. కానీ సాయంత్రం కచేరీ గుర్తొచ్చి చటుక్కున లేచాడు.

"రమా, పిల్ల..."

"అదే అంటున్నా. వెళ్ళి చెప్పండి."

"చెప్పాలా అని. మౌనం ఎట్లా పుడితేనేం, మౌనం మౌనమే గదా? కుక్కర్లో పుట్టినంత మాత్రాన..."

"మీరిట్లా మాట్లాడుతూ ఉండండి. హాలు నిండా తప్పులు పట్టడానికొచ్చే ముసలి పులులుంటాయి. పిల్ల అంతదాకా ఎక్కి నోరు మూస్తే 'వదిలేసింది' అంటారనుకున్నారా? 'అందక ఆగింది' అంటారు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తా" అన్నాడు. రమాసుందరి చెబితే ఎడ్లూ కుడితీ కూడా వస్తాయని అతనికి తెలుసు.

పదింటికి జయదేవ్ ఇంటికి పోయాడు. జయదేవ్ గుమ్మంలోనే వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "కచేరీ రోజు అమ్మాయి మాట్లాడదు, ఎవరితోనూ మాట్లాడించొద్దన్నారు గురువు గారు. ఏదైనా ఉంటే హాల్లో చెప్పండి మాస్టారూ. అన్నట్టు, మీ మౌనం ఇవాళ చూసుకోండి, అద్దం ముందు నిలబడి మరీ సాధన చేసింది!" లక్ష్మీనారాయణ వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

సాయంత్రం హాలు వెనక గదిలో సంయుక్త ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫిడేలాయన తీగెలు సవరించుకుంటున్నాడు. లక్ష్మీనారాయణ ఆమె పక్కకు పోయి గొంతు సవరించుకున్నాడు, తానే పాడబోతున్నట్టు.

"అమ్మాయ్, కాంభోజిలో ఆ మౌనం... ఇవాళ్టికి వద్దేమో."

"అదేంటి బాబాయ్ గారూ?"

"హాల్లో ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయి. మౌనం నిలవదు."

"ఫ్యాన్లేగా. మైలవరంలో రైలు కూతే వచ్చింది కదండీ, ఆయన ఆగలేదా?"

"అది కాదమ్మా. నీ గొంతుకు పై షడ్జమం బాగుంటుంది. పట్టుకో."

"మీరే కదా వదిలెయ్యమన్నారు! నెల రోజులు దాన్నే పట్టుకు కూర్చున్నాను. ఇప్పుడు మార్చమంటే తడబడతానండీ. ఏం జరిగింది, చెప్పండి."

బయట సభ కార్యదర్శి మైకు పట్టుకుని స్వాగతం చదువుతున్నాడు. టైం లేదు. లక్ష్మీనారాయణ సీడీ అన్నాడు, మాణిక్యం అన్నాడు, ఎర్ర మీట అన్నాడు, చివరికి కళ్ళు మూసుకుని ఒక్క ముక్కలో చెప్పేశాడు:

"అది సీతాపతి గారి మౌనం కాదమ్మా. మా ఇంటి కుక్కరు."

"ఏంటీ?"

"రైలు కూత మా కుక్కరు విజిలు. గాజులు మీ పిన్నివి. ఆ ఊపిరి నాది. ఆయన షడ్జమం బ్రహ్మాండంగా పట్టారు, నేనే దాన్ని చెరిపేశాను."

సంయుక్త అతని వంక చూసింది. ఆ పెద్ద కళ్ళలో ముందు భయం వచ్చింది, తర్వాత అర్థం వచ్చింది, ఆ వెనక ఇంకేదో రాబోతుండగా కార్యదర్శి తల లోపలికి పెట్టి "అమ్మా, రావాలి" అన్నాడు. పిల్ల పైటకొంగు నోటికడ్డం పెట్టుకుని స్టేజీ మీదకు నడిచింది. ఏడుస్తోందో ఏమో అనుకుని లక్ష్మీనారాయణ, ఉరికంబం నుంచి దిగి మళ్ళీ ఎక్కినవాడిలాగా, రెండో వరసలో రమాసుందరి పక్కన కూర్చున్నాడు. అటు పక్క కరిముల్లా, అతని పక్కన తెరేసమ్మ గారు.

మొదటి పాటలు చక్కగా జరిగాయి. ముందు వరసలో ముసలి పులులు తలలూపీ ఊపకుండా కూర్చున్నాయి. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషనుకు అంతెత్తు పొగగొట్టాలున్నా బెజవాడలో కరెంటుకు మాట నిలకడ లేదు. ఒకసారి పోయి వచ్చింది. అయినా పిల్ల చెదరలేదు. తర్వాత కాంభోజి ఎత్తుకుంది.

లక్ష్మీనారాయణ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. రాగం పైకి పోతోంది. 'తల్లీ, పట్టుకో. నా మాట వినకు. నా పాత మాట వినకు, కొత్త మాట విను' అని లోపల లోపల మొత్తుకుంటున్నాడు. పంచమం దాటింది. ధైవతం మీద నిలబడింది. నోరు తెరిచింది, షడ్జమానికే. సరిగ్గా అప్పుడు ఆమె చూపు రెండో వరసలో రమాసుందరి మీద పడింది. రమాసుందరి తలంటి పోసుకుని, మల్లెపూలు పెట్టుకుని, గాజులు పైకి తోసుకుంటూ ఉంది.

పిల్ల నోరు మూసుకుంది.

పెదాలు గట్టిగా బిగించింది. కళ్ళు మూసుకుంది. భుజాలు సన్నగా కదిలాయి. ఫిడేలాయన కమాను ఎత్తి, ఏం చెయ్యాలో తెలియక, ఎత్తినదాన్ని అలాగే పట్టుకున్నాడు. తంబూర ఒక్కటే మోగుతోంది. హాల్లో ఎవరూ కదల్లేదు. మొత్తం హాల్లో ఆ పిల్ల నవ్వాపుకుంటోందని తెలిసినవాడు అతనొక్కడే.

"ఏడుస్తోంది తల్లి" అని తెరేసమ్మ గారు గొణిగి, కళ్ళజోడు తీశారు.

ముందు వరసలో అందరికన్నా ముసలి పులి "ఆహా" అన్నాడు.

అప్పుడు వచ్చింది షడ్జమం. ఆపుకున్న నవ్వంతా దాని అడుగున ఉండి పైకి తోస్తున్నట్టుంది. పూర్తిగా విచ్చుకుని, ఏ బరువూ లేకుండా, పిల్ల గొంతులో ఇన్నాళ్ళూ లేని ఒక ఆనందంతో నిలబడింది. ఫిడేలు వెనకే అందుకుంది. హాలు దద్దరిల్లింది. లక్ష్మీనారాయణ కూడా చప్పట్లు కొట్టాడు. కొడుతూ, ఇంత తియ్యటి స్వరాన్నా నేను వైరాగ్యం పేరుతో తొమ్మిదేళ్ళు అందరిచేతా మాన్పించింది అనుకున్నాడు. ఆ ఆలోచన ఎక్కువసేపు భరించలేక ఇంకా గట్టిగా కొట్టాడు.

కచేరీ అయ్యాక హాలు మెట్ల మీద జనం సంయుక్తను చుట్టుముట్టారు. ముసలి పులి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టి, "షడ్జమం ముందు ఆగావే, అది ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు.

సంయుక్త బుగ్గ కొరుక్కుని, "లక్ష్మీనారాయణ బాబాయ్ గారింట్లో నేర్చుకున్నానండీ" అంది. అని, రమాసుందరి వంక చూడకుండా గబగబా వాళ్ళ నాన్న వెనక్కి పోయింది.

జనం లక్ష్మీనారాయణ వైపు తిరిగారు. ఒకాయన చెయ్యి కలిపాడు. కార్యదర్శి, వచ్చే సంచికకు మరో వ్యాసం కావాలన్నాడు. కరిముల్లా అయితే భుజం చరిచాడు: "ఒప్పుకున్నా మాస్టారూ, మీ మౌనం నిలబడింది! సీడీ విన్నారా? అందులో ఇంతకన్నా బాగుందా?"

పిల్ల గట్టెక్కింది. తన పరువూ దానంతటదే గట్టెక్కి ఒడ్డున కూర్చుంది. 'సీడీలో ఆ మౌనం ముక్క ఎవరో కత్తిరించారండీ' అని ఒక్క అబద్ధం ఆడితే చాలు, జన్మంతా సుఖం. లక్ష్మీనారాయణ నోరు తెరిచాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. రమాసుందరి ఆకాశంకేసి చూస్తూ నిలబడింది.

అతణ్ణి ఆపింది నిజాయితీ అనుకుంటే పొరపాటు. ఇంత మంచి కథను కడుపులో పెట్టుకుని నలుగురిలో నోరు మూసుకోవడం అతని జాతకంలోనే లేదు. పాట నడుస్తుంటేనే ఆగని నోరు!

"కరిముల్లా గారూ, తెరేసమ్మ గారూ, ఇట్రండి" అని ఇద్దర్నీ మెట్ల పక్కకు లాక్కుపోయి మొదలుపెట్టాడు. నల్ల మీట, ఎర్ర మీట, క్యాసెట్ పళ్ళు, కందిపప్పు. చెబుతున్నకొద్దీ ఊపొచ్చింది. తాను పెట్టె మీదకు ఎలా వంగాడో వంగి చూపించాడు. విజిలు ఎలా వచ్చిందో వేసి చూపించాడు. ఆటో కోసం నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కూడా దగ్గరకు జరిగారు. కరిముల్లా మొదట నమ్మలేదు. నమ్మాక స్కూటరు సీటు పట్టుకుని వంగిపోయాడు. "కొండపల్లి రైలు! యా అల్లా, కొండపల్లి రైలు మాస్టారూ!"

తెరేసమ్మ గారు నవ్వలేదు. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, అతన్ని కిందనుంచి పైదాకా చూశారు.

"ఒక్క మాట చెప్పండి. ఆ ఊపిరి?"

లక్ష్మీనారాయణకు ఊపు కాస్త తగ్గింది. "అదీ... నాదేనండీ."

"అంతమంది ఒకే మనిషిలాగా తీస్తున్న ఊపిరి."

"ఒకే మనిషండీ."

"అంటే ఇన్నేళ్ళుగా నేను కళ్ళు మూసుకున్నది మీ ముక్కు కోసమా?"

ఆ మాటకు రమాసుందరి పట్టుచీర మాట మర్చిపోయి, నవ్వుతూ మెట్ల మీదే చతికిలబడింది.